మాల్‌ప్రాక్టీస్ బుక్ చేశారా? నర్సింగ్ విద్యార్థులు ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

హాల్లో స్లిప్పు దొరికిందంటారు. పక్క సీటమ్మాయి జవాబులూ మీ జవాబులూ ఒకేలా ఉన్నాయంటారు. వార్డులో చేసిన ప్రొసీజర్లు రాసుకునే లాగ్‌బుక్‌లో సిస్టర్ సంతకం మీరే పెట్టుకున్నారంటారు. ఆరోపణ ఏదైనా బీఎస్సీ నర్సింగ్ చదివే పిల్లకు ఆ రోజు కాళ్లకింద భూమి కదిలినట్టే ఉంటుంది. తప్పు చేసినవాళ్లకైనా, చేయనివాళ్లకైనా చట్టం ఇచ్చేది ఒకటే. ఆరోపణ ఏమిటో కాగితం మీద చెప్పాలి, జవాబు చెప్పుకోనివ్వాలి, ఆ తర్వాతే శిక్ష వేయాలి. ఉత్తరప్రదేశ్ ఇంటర్ బోర్డుకూ ఘన్‌శ్యామ్ దాస్ గుప్తాకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1962లోనే ఈ మాట తేల్చేసింది. అయితే ఈ హక్కు అడిగినవాళ్లకే అక్కరకొస్తుంది. అది కూడా నోటితో కాదు, రాతపూర్వకంగా, వెంటనే అడిగినవాళ్లకే.

ముందు ఎవరితో పోరాటమో తెలుసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో బీఎస్సీ నర్సింగ్ పరీక్షలు పెట్టేది విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. పరీక్షల మాల్‌ప్రాక్టీస్ మీద శిక్ష వేసేది యూనివర్సిటీ. హాస్టల్ గొడవ, వార్డులో ప్రవర్తన, హాజరు లాంటివి మొదట కాలేజీ ప్రిన్సిపల్ చేతిలో ఉంటాయి. చేతికొచ్చిన నోటీసు కింద ఎవరు సంతకం పెట్టారో చూస్తే మీ జవాబు ఎవరికి వెళ్లాలో తెలుస్తుంది. రిజిస్ట్రార్ ఇచ్చిన నోటీసుకు ప్రిన్సిపల్‌కు జవాబిచ్చి, ఆయనే పంపుతారులే అని కూర్చుంటే గడువు దాటిపోతుంది. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకు యూనివర్సిటీతో పని లేదు. పరీక్ష పెట్టిన బోర్డే వాళ్ల విషయం చూస్తుంది. మిగతా దారి దాదాపు ఇదే.

హాల్లో ఉండగానే

ఎక్కువ కేసులు చెడిపోయేది ఇక్కడే. స్లిప్పు పట్టుకోగానే చీఫ్ సూపరింటెండెంట్ గదిలో కూర్చోబెట్టి, తెల్లకాగితం ఇచ్చి, "తప్పయింది, క్షమించండి అని రాసివ్వు, వదిలేస్తాం" అంటారు. ఏడుస్తూ ఆ ఒక్క ముక్క రాసిచ్చేస్తే, మూడు వారాల తర్వాత మాల్‌ప్రాక్టీస్ కమిటీ ముందు ఉండేది అదే కాగితం. అప్పుడు ఎంత చెప్పినా "నువ్వే ఒప్పుకున్నావు కదమ్మా" అంటారు.

స్టేట్‌మెంట్ రాయనని మొండికేయకండి. అలా చేస్తే సహకరించలేదని ఇంకో ఆరోపణ చేరుతుంది. రాయండి, కానీ జరిగిందే రాయండి. ఇంగ్లిష్‌లో తడబడితే తెలుగులో రాయండి, ఎవరూ కాదనలేరు. ఎలా రాయాలంటే:

"ఈ రోజు ఉదయం పరీక్షలో నా హాల్‌టికెట్ నంబరు ఫలానా, సీటు నంబరు ఫలానా. 11 గంటల 20 నిమిషాలకు ఇన్విజిలేటర్ నా బెంచీ కింద నేల మీద ఒక కాగితం తీశారు. అది నా దగ్గర దొరకలేదు. అందులోని చేతిరాత నాది కాదు. దాన్ని చూసి నేను ఏమీ రాయలేదు."

స్లిప్పు మీదే అయితే అబద్ధం రాయకండి. చేతిరాత పోల్చడం ఎంతసేపు? "కాగితం నా జామెట్రీ బాక్సులో ఉంది, చదువుకుంటూ పెట్టి మర్చిపోయాను, దాన్ని చూసి రాయలేదు" అన్నది నిజమైతే అదే రాయండి. నిజం చెప్పినా శిక్ష పడొచ్చు. కానీ ఏ శిక్ష అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది. అది ఎందుకో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

సంతకం పెట్టే ముందు మూడు చూడండి. ముందే ప్రింటు చేసిన ఫారం అయితే "ఒప్పుకుంటున్నాను" అనే వాక్యం ఉందేమో చదవండి. ఉంటే దాన్ని కొట్టేసి పక్కన సంతకం పెట్టండి. ఖాళీ గళ్లుంటే అడ్డగీత గీయండి. సంతకం కింద తేదీతోపాటు టైము కూడా వేయండి. ఫోన్ తీసుకుంటే మోడల్, రంగు, ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా రాయించి రసీదు అడగండి. లోపల చూడాలంటే మీ ఎదుట, మీ అమ్మానాన్నల ఎదుట చూడమనండి. జవాబు పత్రం తీసేసుకుని కొత్తది ఇస్తే, పాత దానిలో ఎన్ని పేజీలు రాశారో, ఏ ప్రశ్న దాకా వచ్చారో మనసులో పెట్టుకోండి. తర్వాత చాలా పనికొస్తుంది.

ఆ రోజు సాయంత్రం

గదికి వెళ్లి పడుకోవద్దు. మరచిపోకముందే రెండు పేజీలు రాసుకోండి. ఇన్విజిలేటర్ ఎవరు, ఎన్నింటికి వచ్చారు, ఏమన్నారు, అటూ ఇటూ ఏ సీట్లలో ఎవరున్నారు, ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చిందా లేదా, కాగితం ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లింది. ప్రశ్నపత్రం జాగ్రత్త చేయండి. వాట్సాప్‌లో ఏదీ డిలీట్ చేయవద్దు. చెరిపేసిన మెసేజ్ అవతలివాళ్ల ఫోన్‌లో ఉంటుంది, మీరు దాచారన్న అనుమానం మాత్రం మీకు మిగులుతుంది. క్లాస్ గ్రూపులో ఈ విషయం రాయకండి, ఇన్విజిలేటర్‌ను తిట్టకండి. ఆ స్క్రీన్‌షాట్ ఫైల్లోకి వస్తుంది.

బెదిరించి రాయించుకుని ఉంటే అదే రోజు, మహా అయితే మర్నాడు, ఆ మాట కాగితం మీద పెట్టండి. ప్రిన్సిపల్‌కూ, యూనివర్సిటీ కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కూ ఈమెయిల్, దానితోపాటు స్పీడ్ పోస్ట్. "ఫలానా టైముకు ఫలానా గదిలో, రాయకపోతే మిగతా పరీక్షలు రాయనివ్వం అన్నందున రాశాను. అందులోని ఒప్పుకోలు నిజం కాదు, వెనక్కి తీసుకుంటున్నాను." మర్నాడు ఉపసంహరించుకున్న మాటకున్న బరువు, నెల తర్వాత లాయరు చెప్పాక వెనక్కి తీసుకున్న మాటకు ఉండదు.

ఈ మెయిల్‌లోనే ఇంకో వాక్యం చేర్చండి: "ఆ హాలు సీసీటీవీ ఫుటేజీ, ఇన్విజిలేటర్ రిపోర్టు, స్వాధీనం చేసుకున్న కాగితం, నా జవాబు పత్రం విచారణ అయ్యేదాకా భద్రపరచండి." చాలాచోట్ల సీసీటీవీ రికార్డింగు కొన్ని రోజులకే తన మీద తానే మళ్లీ రికార్డయిపోతుంది. ముందే రాసి అడిగితే, తర్వాత ఫుటేజీ లేదన్నప్పుడు ఆ లోపం వాళ్లదవుతుంది.

మిగిలిన పరీక్షలకు వెళ్లండి. రావద్దని ఎవరైనా అంటే ఆ మాట రాతలో ఇవ్వమనండి. హాలు గేటు దగ్గర ఆపేస్తే టైముతో సహా వెంటనే కంట్రోలర్‌కు మెయిల్ చేయండి. అవమానంతో మీరే మానేస్తే అది గైర్హాజరే అవుతుంది. దానికి ఏ కోర్టూ మందు వేయలేదు.

కాగితాలు అడగండి, అడిగినట్టు రుజువు ఉంచుకోండి

షోకాజ్ నోటీసు (మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమనే నోటీసు) వచ్చాక, జవాబుకు ముందే ఒక చిన్న ఉత్తరం పంపాలి. అందులో అడగాల్సినవి ఇన్విజిలేటర్, అబ్జర్వర్ రిపోర్టులు, దొరికిన కాగితం నకలు, మీ జవాబు పత్రం నకలు, హాల్లో మీరిచ్చిన స్టేట్‌మెంట్ నకలు, ఏ నిబంధన కింద చర్య తీసుకుంటున్నారో ఆ నిబంధన. జవాబులు ఒకేలా ఉన్నాయన్న కేసు అయితే రెండో విద్యార్థి జవాబు పత్రంలో ఆ భాగం, సీటింగ్ ప్లాన్ కూడా అడగండి. ఇవి ఇచ్చాక జవాబుకు 7 రోజులు కావాలని చివర్లో రాయండి.

దీని మీద ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. కేరళ యూనివర్సిటీలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి కేసు 1968లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విచారణ రిపోర్టు నకలు తనకివ్వలేదని ఆ విద్యార్థి వాదించాడు. అడగాల్సిన సమయంలో అడిగి ఉండాల్సింది కదా, ఇప్పుడు చెప్తే ఎలా అన్నట్టుగా కోర్టు ఆ వాదనను పక్కన పెట్టింది. అడిగినా ఇవ్వలేదన్నది ఒక కేసు, అసలు అడగలేదన్నది ఇంకో కేసు. రెండోదానిలో గెలవడం కష్టం.

సమాచార హక్కు చట్టం కూడా వాడుకోండి. యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి దరఖాస్తు, 10 రూపాయల రుసుము. తెల్లకార్డు ఉన్నవాళ్లు కార్డు నకలు జత చేస్తే రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. దిద్దిన జవాబు పత్రం చూసే, నకలు తీసుకునే హక్కు విద్యార్థికి ఉందని సీబీఎస్‌ఈకీ ఆదిత్య బందోపాధ్యాయకూ మధ్య కేసులో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. అయితే 30 రోజులు అంటే షోకాజ్ గడువు ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి నేరుగా అడిగే ఉత్తరం ముందు, సమాచార హక్కు దరఖాస్తు దానికి తోడు. ఒకటి వేశాం కదా అని రెండోది మానవద్దు.

షోకాజ్ నోటీసుకు జవాబు

నోటీసు తీసుకోకుండా తప్పించుకోవడం పొరపాటు. తిరస్కరించారని రాసేసి ఏకపక్షంగా తేల్చేస్తారు. తీసుకోండి, కవరు మీద వచ్చిన తేదీ రాయండి, కవరు కూడా దాచండి. గడువు సాధారణంగా అందిన రోజు నుంచి లెక్క, అచ్చయిన తేదీకీ మీ చేతికి వచ్చిన తేదీకీ వారం తేడా ఉన్న సందర్భంలో ఈ కవరే సాక్ష్యం.

జవాబులో మొదట ఆరోపణను మీ మాటల్లో తిరిగి రాయండి. స్పష్టంగా లేకపోతే అదే మొదటి పాయింటు. "పరీక్షలో అక్రమాలకు పాల్పడ్డారు" అని మాత్రమే ఉంటే, ఏ రోజు, ఏ సబ్జెక్టు, ఏం చేశానని అంటున్నారో నోటీసులో లేదని రాయండి. తర్వాత జరిగింది తేదీల వరుసలో. ఆ తర్వాతే అసలు పని.

స్లిప్పును ప్రశ్నపత్రం పక్కన పెట్టుకుని చూడండి. స్లిప్పులో పెరిటోనియల్ డయాలసిస్ గురించి ఉంది, ప్రశ్నపత్రంలో ఆ ప్రశ్నే లేదు అనుకుందాం. లేదా ప్రశ్న ఉంది, కానీ మీ జవాబులోని పాయింట్ల వరుస, మాటలు స్లిప్పులోవి కావు. లేదా స్లిప్పు దొరికే సరికే ఆ జవాబు రాసేసి, మూడు పేజీలు దాటి ఉన్నారు. వీటిలో ఏది నిజమైతే అది పేజీ నంబరుతో సహా చూపించండి. పాత జవాబు పత్రంలో ఎక్కడిదాకా వచ్చారో గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

ఇక్కడ ఒక చేదు నిజం తెలిసి ఉండాలి. "స్లిప్పు ఉంది కానీ కాపీ కొట్టలేదు" అన్నంత మాత్రాన నిర్దోషి అయిపోరు. సంబంధిత కాగితం దగ్గర ఉండటమే అక్రమమని నిబంధన చెబితే, దాన్ని వాడారా లేదా అన్నది అనవసరమని ఒక సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ శిక్షలో తేడా ఉంటుంది. ఉదాహరణకు జేఎన్‌టీయూల శిక్షల పట్టికలో కాగితం దగ్గరుండి వాడకపోతే ఆ ఒక్క సబ్జెక్టు రద్దు. కాపీ కొడితే ఆ సబ్జెక్టుతోపాటు ఆ సెమిస్టర్‌లో రాసినవన్నీ, ప్రాక్టికల్స్‌తో సహా, రద్దు. మీ యూనివర్సిటీ పట్టిక అడిగి తెప్పించుకోండి. ఎడమ వరుసలో తప్పు, కుడి వరుసలో శిక్ష ఉంటాయి. మీ మీద ఆరోపణ ఎడమ వరుసలో ఏ గడికి చెందుతుందో వేలుపెట్టి చూసి, జవాబులో ఆ గడి నంబరే రాయండి. సబ్జెక్టు రద్దయితే సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. రెండేళ్ల డిబార్ (పరీక్షలు రాయకుండా నిషేధం) పడితే లెక్కలన్నీ తారుమారవుతాయి. భారత నర్సింగ్ మండలి కొత్త సిలబస్ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల కోర్సును ఎక్కువలో ఎక్కువ 8 ఏళ్లలో పూర్తి చేయాలి. ఇది కూడా జవాబులో రాయదగ్గ విషయమే.

తప్పు జరిగిన మాట నిజమైతే, ఎక్కువ శిక్ష ఎందుకు వద్దో చెప్పే భాగమే మీ జవాబులో బలమైనది. మొదటిసారి అన్నది, ఇంతవరకూ వచ్చిన మార్కులు, ఆ వారంలో నిజంగా జరిగిన అనారోగ్యం ఉంటే దాని కాగితాలు. చావు కబురు, దొంగ మెడికల్ సర్టిఫికెట్ లాంటివి కల్పించొద్దు. ఒక ఆరోపణ రెండవుతుంది, రెండోది ఫోర్జరీ.

చివరి వాక్యం మరిచిపోకండి: "నన్ను స్వయంగా విచారించి, నా మాట విన్న తర్వాతే నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను." రెండు కాపీలు తీసి, ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఒకటిచ్చి, రెండోదాని మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయబోమంటే స్పీడ్ పోస్ట్ చేసి రసీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు ఉంచుకోండి.

కమిటీ ముందు

ఇది క్రిమినల్ కోర్టు కాదు. సందేహానికి తావులేకుండా రుజువు చేయాల్సిన పని కమిటీకి లేదు. జరిగే అవకాశం ఎక్కువగా ఉందనిపిస్తే చాలు. లాయరును తీసుకెళ్లే హక్కు కూడా సాధారణంగా ఉండదు. అడగడంలో తప్పు లేదు, ఒప్పుకోకపోతే అమ్మనో నాన్ననో కూర్చోనివ్వమనండి. మొదటి సంవత్సరంలో 17 ఏళ్ల పిల్లలుంటారు. 18 నిండకపోతే తల్లిదండ్రులు లేకుండా స్టేట్‌మెంట్ తీసుకోవద్దని రాతలో కోరండి.

ఫైలు తీసుకెళ్లండి, జవాబు నకళ్లు నాలుగు పట్టుకెళ్లండి. అడిగినదానికే చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. కమిటీ మీ ముందు కొత్త కాగితం పెడితే, అప్పటికప్పుడు జవాబివ్వకుండా నకలు, రెండు రోజుల టైము అడిగి, ఆ మాట మినిట్స్‌లో (విచారణ నమోదు పత్రంలో) రాయమనండి. బయటికొచ్చాక ఏమడిగారో, ఏం చెప్పారో అదే సాయంత్రం మెయిల్‌గా కమిటీకి పంపండి. "ఈ రోజు విచారణలో నేను చెప్పినవి ఇవి" అని. తర్వాత మినిట్స్‌లో వేరేగా ఉంటే మీకొక ఆధారం.

ఈ దశలోనే ఎవరో ఫోన్ చేస్తారు. "యూనివర్సిటీలో మనవాళ్లున్నారు, ఇంత ఇస్తే ఫైలు మూసేస్తారు." ఇవ్వొద్దు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. ఆ డబ్బు పోవడం ఖాయం, పని జరగదు, పైగా పీకకు చుట్టుకుంటుంది.

వార్డులో వచ్చే ఆరోపణలు

మిగతా కోర్సులవాళ్లకు లేని బెడద ఇది. తప్పుడు మందు ఇచ్చారని, పేషెంటుతో రీల్ చేశారని, చేయని ప్రొసీజర్ చేసినట్టు లాగ్‌బుక్‌లో రాశారని.

లాగ్‌బుక్ సంతకం గొడవలో ఒక్కొక్క ఎంట్రీకీ తేదీ, షిఫ్టు, వార్డు రాసుకుని పట్టిక వేయండి. దాని పక్కన క్లినికల్ పోస్టింగ్ రోస్టర్, హాజరు రిజిస్టర్ పెట్టండి. జూన్ 14న మెటర్నిటీ వార్డులో మార్నింగ్ డ్యూటీ అని రోస్టర్‌లో ఉండి, అదే రోజు లాగ్‌బుక్‌లో ఐసీయూ సక్షనింగ్ ఉంటే దెబ్బతినేది మీరే. అది ముందే చూసుకోవాలి. రోస్టర్‌తో సరిపోతే ఆ పట్టికే మీ జవాబు. సంతకం పెట్టిన సిస్టర్ బదిలీ అయి వెళ్లిపోతే ఆవిడను వెతికి, ఒక పేజీ లేఖ తీసుకోండి.

మందు విషయంలో అయితే చూడాల్సింది డ్రగ్ చార్టు, ఇన్సిడెంట్ రిపోర్టు, ఆ షిఫ్టులో మీ మీద పర్యవేక్షణ ఎవరిది అన్నది. విద్యార్థి స్వతంత్రంగా మందు ఇవ్వకూడదు, పక్కన క్లినికల్ ఇన్‌స్ట్రక్టరో స్టాఫ్ నర్సో ఉండాలి. ఆ గంటలో ఎవరూ లేరన్నది నిజమైతే నెమ్మదిగా, కోపం లేకుండా రాయండి. పేషెంటు కేస్ షీటు ఫొటో తీసి దాచుకోవాలన్న ఆలోచన మాత్రం రానీయకండి. అది ఇంకో దుష్ప్రవర్తన అవుతుంది. దాన్ని భద్రపరచమని ఉత్తరంలో అడిగితే చాలు.

విచారణ పేరుతో సస్పెండ్ చేస్తే హాజరు కరిగిపోతుంది. పరీక్ష రాయాలంటే థియరీలోనూ ప్రాక్టికల్‌లోనూ 80 శాతం, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్స్‌లో 100 శాతం హాజరు ఉండాలి. అందుకే సస్పెన్షన్ వచ్చిన రోజే "తుది నిర్ణయానికి లోబడి క్లాసులకూ పోస్టింగులకూ అనుమతించండి, లేదా విచారణ ఇన్ని రోజుల్లో ముగించండి" అని రాసివ్వండి. ఈ ఉత్తరం లేకుండా రెండు నెలలు ఇంట్లో కూర్చుంటే నిర్దోషి అని తేలినా సెమిస్టర్ పోతుంది.

లాయరు ఫీజు లేకపోతే

నర్సింగ్ చదివేవాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలే. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987లోని సెక్షన్ 12 ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు వస్తారు. ఎస్సీ, ఎస్టీలకూ, దివ్యాంగులకూ ఇంతే. మిగతా అబ్బాయిలకు ఆదాయ పరిమితి ఉంటుంది. ఈ సంగతి తెలియక తాళి తాకట్టు పెట్టే తల్లులున్నారు.

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుంటుంది. అక్కడికి ఆధార్, హాల్‌టికెట్, నోటీసు, మీ జవాబు, తేదీల వరుసతో ఒక పేజీ తీసుకెళ్లండి. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. షోకాజ్ జవాబు రాయించుకోవడానికి ఇది చాలు. హైకోర్టులో రిట్ (అధికారుల నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్) వేయాల్సి వస్తే హైకోర్టు న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు పెట్టాలి, జిల్లా ఆఫీసే అక్కడికి పంపుతుంది. కేటాయించిన లాయరు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. అడిగినా, ఫోన్ ఎత్తకపోయినా రాతలో ఫిర్యాదు చేసి వేరేవాళ్లను ఇమ్మనవచ్చు.

సొంతంగా పెట్టుకుంటే మీ ఊళ్లో భూమి తగాదాలు చూసే లాయరు కాకుండా, హైకోర్టులో విద్యా సంబంధ రిట్లు వేసేవారిని చూసుకోండి. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు. వకాల్తా (లాయరుకు మీ తరఫున వాదించే అధికారం ఇచ్చే కాగితం), అఫిడవిట్ (ప్రమాణ పత్రం) చదివి పెట్టండి. ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగులో చెప్పించుకోండి. అఫిడవిట్‌లో ఒక్క అబద్ధం దొర్లినా నష్టపోయేది మీరే. కేసు నంబరు అడిగి తీసుకుంటే హైకోర్టు వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు.

శిక్ష ఆర్డరు వచ్చాక

ముందు ఆర్డరు మొత్తం చదవండి. మీ జవాబును ప్రస్తావించకుండా వదిలేశారా? కారణాలు రాయలేదా? నోటీసులో లేని ఆరోపణ మీద శిక్ష వేశారా? పట్టికలో లేని శిక్ష వేశారా? ఈ నాలుగింటిలో ఒక్కటి తేలినా మీ కేసుకు ప్రాణం ఉంది. సాక్ష్యం చాలలేదన్న వాదన ఒక్కటే ఉంటే బలహీనమే. పరీక్షల విషయంలో యూనివర్సిటీ చేసిన అంచనాలో తొందరపడి వేలు పెట్టబోమని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. అలాగే సెంటరు మొత్తం మాస్ కాపీయింగ్ అని పరీక్షే రద్దు చేస్తే, ఒక్కొక్కరినీ పిలిచి వినాల్సిన పని లేదని బిహార్ స్కూల్ పరీక్షల బోర్డు కేసులో సుప్రీంకోర్టు 1970లో ఇచ్చిన తీర్పు అడ్డొస్తుంది.

నిబంధనల్లో వైస్ ఛాన్సలర్‌కు అప్పీలు ఉంటే ముందు అది వేయండి. సర్టిఫికెట్లు ఆపేయడం, మూల్యాంకనంలో అన్యాయం లాంటి ఫిర్యాదులకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2023 నిబంధనల కింద విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉంటుంది. దాని నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కు (ఫిర్యాదులపై అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేయవచ్చు. కోర్సు మధ్యలో తీసేసి, మిగతా ఏళ్ల ఫీజు కడితేగానీ టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఇవ్వబోమనే కాలేజీలకు, ఒరిజినల్స్ పట్టి ఉంచకూడదన్న యూజీసీ 2018 ఆదేశాన్ని ఉత్తరంలో గుర్తుచేయండి.

పరీక్ష ఫీజు గడువు ముంచుకొస్తుంటే అప్పీలు తేలేదాకా ఆగకండి. రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేయాలి. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు అమరావతిలో, తెలంగాణ వాళ్లకు హైదరాబాద్‌లో. ప్రతివాదులుగా రిజిస్ట్రార్ ద్వారా యూనివర్సిటీనీ, కంట్రోలర్‌నూ, కాలేజీ ప్రిన్సిపల్‌నూ చేర్చండి. కాలేజీని వదిలేస్తే, కోర్టు అనుమతిచ్చాక కూడా "మాకు ఆర్డరు లేదు" అని ఫీజు కట్టించుకోరు.

ప్రధాన పిటిషన్ కంటే ముఖ్యం దానితోపాటు వేసే మధ్యంతర దరఖాస్తు. అందులో అడగాల్సింది కచ్చితంగా ఉండాలి. "న్యాయం చేయండి" కాదు. "ఫలానా తేదీతో మొదలయ్యే నాలుగో సెమిస్టర్ పరీక్షలకు ఫీజు కట్టించుకుని, హాల్‌టికెట్ ఇచ్చి, రిట్ తుది తీర్పుకు లోబడి రాయనివ్వాలి." పరీక్ష రెండు రోజుల్లో ఉంటే లాయరు లంచ్ మోషన్ అడుగుతారు, అంటే ఆ రోజు మధ్యాహ్నమే వినమని. కోర్టు సెలవుల్లో అయితే హౌస్ మోషన్. అయితే ఆర్డరు మూడు నెలల క్రితం వచ్చి, మీరు పరీక్ష ముందురోజు వెళ్తే "ఇన్నాళ్లూ ఏం చేశారు" అనే ప్రశ్న తప్పదు. రిట్‌కు ఇన్ని రోజులని గడువు లేదు, కానీ ఆలస్యం కేసును మింగేస్తుంది.

మధ్యంతర అనుమతితో రాసిన పరీక్షను గెలుపు అనుకోవద్దు. ఫలితం ఆపి ఉంచవచ్చు, చివరికి ఓడితే ఆ పరీక్షే లెక్కలోకి రాదు. అయినా రాయండి. ఓడితే పోయేది కొన్ని రోజులు, గెలిచి రాయకపోతే పోయేది ఏడాది. కోర్టు ఆదేశాన్ని యూనివర్సిటీ పాటించకపోతే ధిక్కరణ పిటిషన్‌కు ఏడాది గడువు ఉంటుంది.

బెంగళూరులో రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద చదివే తెలుగు పిల్లలు వేలకొద్దీ ఉన్నారు. ఆర్డరు అక్కడ పుట్టింది కాబట్టి కర్ణాటక హైకోర్టుకే వెళ్లడం మేలు. ఇంట్లోవాళ్లు కడపలోనో కర్నూలులోనో ఉన్నారని ఇక్కడ వేస్తే పరిధి ఎవరిదన్న వాదనతోనే నెలలు గడిచిపోతాయి. ఉచిత లాయరు హక్కు అక్కడా ఇంతే.

పోలీసు కేసు కూడా అయితే

ఒకరి బదులు ఇంకొకరు రాయడం, పేపర్ లీకు, దొంగ సర్టిఫికెట్ లాంటివాటిలో ఎఫ్ఐఆర్ కడతారు. రెండు రాష్ట్రాల్లోనూ 1997 నాటి పబ్లిక్ పరీక్షల అక్రమాల నిరోధక చట్టం ఉంది, దానికి తోడు భారతీయ న్యాయ సంహితలోని మోసం, ఫోర్జరీ సెక్షన్లు. ఇక్కడ క్రిమినల్ లాయరు వేరుగా కావాలి. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో పోలీసులు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. అది వస్తే పారిపోకండి, లాయరుతో మాట్లాడి చెప్పిన రోజున వెళ్లండి. అరెస్టు భయం గట్టిగా ఉంటే అదే చట్టంలోని 482 సెక్షన్ కింద ముందస్తు బెయిలు అడగవచ్చు. యూనివర్సిటీ జవాబులో రాసే ప్రతి మాటా క్రిమినల్ కేసులోకి వస్తుంది కాబట్టి ఆ జవాబు క్రిమినల్ లాయరుకు చూపించకుండా పంపొద్దు. ర్యాగింగ్ ఆరోపణలోనూ ఇదే జాగ్రత్త.

అంతా తేలాక

ఆరోపణ కొట్టేశారని మీకు ఫోన్లో చెప్తే సరిపోదు. రాతపూర్వక ఆర్డరు తీసుకోండి. విత్‌హెల్డ్‌లో (ఆపి) ఉంచిన ఫలితం విడుదలైందా, మార్కుల మెమోలో ఆ సబ్జెక్టు వచ్చిందా, సస్పెన్షన్ రోజుల హాజరు సరిచేశారా చూసుకోండి. టీసీ, స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని అక్కడికక్కడే చదవండి. ప్రవర్తన గడిలో ఏదైనా రాస్తే ఆఫీసు దాటకముందే సరిచేయమని దరఖాస్తు ఇవ్వండి. ఆర్డరు ఒరిజినల్‌ను రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయ్యేదాకానే కాదు, ఆ తర్వాత కూడా దాచండి. బయటి దేశాల నర్సింగ్ కౌన్సిళ్ల దరఖాస్తుల్లో మీ ప్రవర్తన గురించి, క్రమశిక్షణ చర్యల గురించి ప్రశ్న వస్తే దాచకుండా ఉన్నదే రాసి, ఈ ఆర్డరు నకలు జత చేయండి.